పాత సున్నపు మాలు పరీక్షలో 1:4 అని వచ్చింది. కొత్త మాలు కూడా 1:4గానే కలపాలా?

ప్రశ్న – పాతగోడలు

అందరికీ నమస్కారం. రెండు శతాబ్దాలకు పైగా నిలిచిన ఒక ఇటుక కట్టడం మరమ్మతులో ఆర్కిటెక్టుగా పనిచేస్తున్నాను. బయటి గోడల్లో ఇటుకల మధ్య సందులు చాలాచోట్ల ఖాళీ అయిపోయాయి. గతంలో ఎవరో సిమెంటుతో పాయింటింగ్ చేసిన, అంటే సందులు నింపిన చోట సిమెంటు గట్టిగానే ఉంది గానీ, దాని చుట్టూ ఇటుకల ముఖాలు పొరలు పొరలుగా రాలిపోయాయి. ఈసారి అలా జరగకూడదని పాత మాలు ముక్కలను ప్రయోగశాలకు పంపించాము.

వచ్చిన నివేదిక రెండు పేజీలే. బంధకం సున్నమనీ, బంధకానికీ ఇసుకకూ నిష్పత్తి బరువు ప్రకారం 1:4 అనీ, కొద్దిగా జిప్సం ఉందనీ, స్వల్పంగా హైడ్రాలిక్ స్వభావం (నీటిలోనూ గట్టిపడే గుణం) కనిపించిందనీ అందులో ఉంది. ఆమ్లంలో కరిగించి లెక్క కట్టామన్న ఒక్క వాక్యం తప్ప పద్ధతి గురించి మరేమీ రాయలేదు.

ఈ నివేదిక చూసి కాంట్రాక్టరు గారు సంచుల్లో దొరికే హైడ్రేటెడ్ సున్నం (ముందే నీరు పట్టించి పొడి చేసిన సున్నం) ఒక డబ్బాకు నాలుగు డబ్బాల ఇసుక కలిపించారు. ఆ మాలు తాపీ మీద నిలవడం లేదు, ఆరిన తరువాత గోటితో గీకితే ఊడివస్తోంది. కాబట్టి కొంత సిమెంటు చేర్చక తప్పదని వారి వాదన. పాత మాలు ఇన్నేళ్లు నిలిచింది, అదే నిష్పత్తిలో కలిపిన కొత్త మాలు ఎందుకు నిలవడం లేదు? స్వల్ప హైడ్రాలిక్ స్వభావం అన్నదాన్ని నేను ఎలా అర్థం చేసుకోవాలి? జిప్సం ఉందంటే కొత్త మాలులోనూ జిప్సం కలపాలా?

సమాధానం – సున్నపుతేట

మీ మొదటి ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. మీ ప్రయోగశాల చెప్పింది బరువు నిష్పత్తి, కాంట్రాక్టరు గారు కలిపింది కొలత నిష్పత్తి. సున్నం విషయంలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

ఆమ్లంతో చేసే పరీక్షలో జరిగేది ఇది. ఆరబెట్టి తూచిన మాలును పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా మారిన సున్నమంతా నురగలు కక్కుతూ కరిగిపోతుంది, ఇసుక అడుగున మిగులుతుంది. ఉదాహరణకు 20 గ్రాముల నమూనాలో 15 గ్రాముల ఇసుక మిగిలిందనుకుందాం. కరిగిపోయిన 5 గ్రాములు కార్బొనేటు. కానీ మేస్త్రీ ఆనాడు కలిపింది కార్బొనేటును కాదు. 100 గ్రాముల కార్బొనేటుకు 74 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడు సమానం కాబట్టి, ఆ 5 గ్రాముల వెనుక ఉన్నది 3.7 గ్రాముల తడిసిన సున్నం. 3.7కు 15 అంటే దాదాపు 1:4. మీ నివేదికలోని అంకె ఇలాగే వచ్చి ఉండాలి.

ఇప్పుడు దీన్ని డబ్బాల కొలతలోకి మార్చండి. హైడ్రేటెడ్ సున్నం పొడి లీటరుకు అర కిలో నుంచి 600 గ్రాముల వరకే తూగుతుంది, పొడి ఇసుక సుమారు కిలోన్నర తూగుతుంది. 3.7 గ్రాముల సున్నం దాదాపు 6.7 మిల్లీలీటర్ల చోటును, 15 గ్రాముల ఇసుక 10 మిల్లీలీటర్ల చోటును ఆక్రమిస్తాయి. అంటే కొలత ప్రకారం 1:1.5. నాలుగు డబ్బాల ఇసుకకు రెండున్నర డబ్బాలకు పైగా సున్నం పడవలసిన చోట ఒక్క డబ్బా పడింది. పొడి ఇసుక రేణువుల మధ్య ఖాళీలే దాని పరిమాణంలో మూడో వంతు దాకా ఉంటాయి. ఆ ఖాళీలను నింపడానికి కూడా చాలని సున్నంతో కలిపిన మాలు రాలిపోకుండా ఎలా ఉంటుంది? అది సిమెంటు లేని లోటు కాదు, సున్నం తక్కువైన లోటు.

పాత నిర్మాణ గ్రంథాలలో ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక అని తరచుగా కనిపిస్తుంది. దానికీ ఈ లెక్కకూ వైరుధ్యం లేదు. ఆ పాలు చాలాసార్లు బట్టీ నుంచి వచ్చిన, ఇంకా నీరు తగలని పొడి సున్నం పాలు. పై ఉదాహరణలోని 5 గ్రాముల కార్బొనేటు 2.8 గ్రాముల పొడి సున్నం నుంచి వచ్చినట్టు. అది లీటరుకు సుమారు కిలో తూగుతుందనుకుంటే 10 మిల్లీలీటర్ల ఇసుకకు దాదాపు 3 మిల్లీలీటర్లు, అంటే ఒకటికి మూడు లేదా మూడున్నర. అదే సున్నం నీరు తగిలి రెండింతలకు పైగా పొంగిన తరువాత కొలిస్తే ఒకటికి ఒకటిన్నర. మాలు ఒకటే, కొలిచిన దశ వేరు.

ఇంతకంటే ముఖ్యమైన సందేహం మరొకటి ఉంది. ఇసుకలో సున్నపురాయి తునకలు గానీ గవ్వలు, నత్తగుల్లల ముక్కలు గానీ ఉంటే ఆమ్లం వాటిని కూడా కరిగించి బంధకం ఖాతాలో వేసేస్తుంది. అప్పుడు అసలు మాలులో సున్నం మీ నివేదిక చెప్పినదానికన్నా తక్కువ. దీనికి విరుద్ధంగా, శతాబ్దాల పాటు వాన నీరు ఇంకిన గోడలో పైభాగపు సున్నం కొంత కొట్టుకుపోయి ఉంటుంది. అక్కడి నుంచి నమూనా తీస్తే సున్నం అసలుకన్నా తక్కువ చూపుతుంది. కాబట్టి ఆమ్లంలో వేయకముందు ఎవరైనా భూతద్దంతోనైనా ఆ ముక్కలను చూశారా, ఎంత లోతు నుంచి తీశారు అన్నవి ప్రయోగశాలను అడగండి. మిగిలిన ఇసుకను కూడా తప్పకుండా తిరిగి తెప్పించుకోండి. నివేదికకన్నా అదే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

సమాధానం – పలుచనిరేకు

హైడ్రాలిక్ స్వభావం గురించి నేను చెబుతాను, రాళ్లనూ మాలులనూ సూక్ష్మదర్శినిలో పరిశీలించడమే నా పని.

స్వల్ప హైడ్రాలిక్ స్వభావం అన్న మాట ఒక ఫలితమే గానీ కారణం కాదు. ఆమ్లంలో కరిగిన సిలికా కొంత కనిపించగానే ప్రయోగశాలలు ఆ మాట రాసేస్తాయి. ఆ సిలికా మూడు దారులలో రావచ్చు. బంకమట్టి కలిసిన సున్నపురాయిని కాల్చినప్పుడు సున్నంలోనే కాల్షియం సిలికేటు పుడుతుంది, ఇది సహజ హైడ్రాలిక్ సున్నం. మామూలు సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్కీ, లేదా అగ్నిపర్వతపు బూడిద కలిపినా, అవి సున్నంతో చర్య జరిపి నీటిలోనూ గట్టిపడే సమ్మేళనాలను ఇస్తాయి. మూడోది సిమెంటు, అది తరువాతి మరమ్మతులోంచి మీ నమూనాలోకి చేరి ఉండవచ్చు. ఈ మూడింటికీ మరమ్మతు మాలు వేరు. రసాయన విశ్లేషణలోని ఒకే ఒక్క అంకె వీటిని విడదీయలేదు.

పలుచని రేకు విడదీస్తుంది. మాలు ముక్కలోకి రంగు కలిపిన రెసిన్‌ను ఎక్కించి, గాజు పలక మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీసి ధ్రువీకృత కాంతిలో చూస్తాము. సహజ హైడ్రాలిక్ సున్నమైతే పూర్తిగా చర్య జరగని బెలైట్ (ఒక రకం కాల్షియం సిలికేటు) రేణువులు దొరుకుతాయి. సుర్కీ అయితే ఎర్రటి రేణువుల అంచుల చుట్టూ చర్య జరిగిన పొర కనిపిస్తుంది. పాత పోర్ట్‌లాండ్ సిమెంటును ఇప్పటంత మెత్తగా విసిరేవారు కాదు కాబట్టి దాని క్లింకరు (బట్టీలో కాలి గట్టిపడిన సిమెంటు ముద్ద) రేణువులు పెద్దవిగా, చర్య పూర్తికాకుండా మిగిలి ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందింది 1824లో. అంతకు ముందరి గోడలో క్లింకరు కనిపిస్తే అది మొదటి మాలు కాదన్నమాటే.

రేకులో నేను మొదట వెతికేది తెల్లటి సున్నపు పలుకులను. సరిగా కలవని ఈ పలుకులు చాలా ఉంటే సున్నాన్ని ఇసుకతో పాటే తడిపి వేడివేడిగా కలిపారని అనుమానించవచ్చు. వీటితో మరో లాభం ఉంది. వీటిలో ఇసుక ఉండదు కాబట్టి, సూదితో ఏరి ఖనిజాలను గుర్తించే ఎక్స్‌రే వివర్తనానికో, వేడి చేస్తూ బరువు తగ్గుదలను కొలిచే పరీక్షకో పంపితే అచ్చంగా బంధకం సంగతే తెలుస్తుంది. వేడిమి పరీక్షలో సుమారు 600 డిగ్రీల లోపు పోయేది ప్రధానంగా నీరు, ఆపైన పోయేది కార్బన్ డయాక్సైడు. నీటితో పోలిస్తే కార్బన్ డయాక్సైడు ఎన్నో రెట్లు ఎక్కువైతే అది గాలికి గట్టిపడే మామూలు సున్నం, ఆ తేడా తగ్గేకొద్దీ హైడ్రాలిక్ స్వభావం పెరిగినట్టు. పలుకులు మామూలు సున్నంగా తేలి, మాలు మొత్తం మాత్రం హైడ్రాలిక్‌గా తేలితే, ఆ గుణం సున్నంలోంచి కాక అందులో కలిపిన పొడిలోంచి వచ్చిందని చెప్పవచ్చు.

జిప్సం కొద్దిగానే ఉందంటే అది బంధకం కాదు. జిప్సంతోనే కట్టిన మాలులో అది ప్రధాన ఖనిజంగా బయటపడుతుంది. గాలిలోని గంధకపు వాయువులు సున్నాన్ని పైపైన జిప్సంగా మారుస్తాయి, ఇటుకల్లోని లవణాల నుంచీ సిమెంటు నుంచీ కూడా సల్ఫేటు రావచ్చు. ఒకే సందులో పైపొర, మధ్య, లోతు నుంచి విడివిడిగా పరీక్ష చేస్తే జిప్సం లోపలికి పోయేకొద్దీ తగ్గుతోందో లేదో తెలిసిపోతుంది. దాన్ని కొత్త మాలులో కలపకండి. పైగా గోడలో సల్ఫేటు ఉన్నప్పుడు సిమెంటు వేస్తే, తడిలో ఆ రెండూ కలిసి ఎట్రింగైట్, చల్లని చోట్ల థౌమసైట్ వంటి సమ్మేళనాలు ఏర్పడి మాలును చీలుస్తాయి, మెత్తబరుస్తాయి. సిమెంటు వద్దనడానికి మీకు ఇదొక్కటే చాలు.

పాతగోడలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మిగిలిన ఇసుక చిన్న సీసాలో తిరిగి వచ్చింది. తెల్ల కాగితం మీద పోసి పది రెట్ల భూతద్దంతో చూశాను. ఎక్కువ భాగం తేనె రంగు క్వార్ట్జ్ రేణువులే, అంచులు గరుకుగా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా ఎర్రటి మెత్తని తునకలు కనిపించాయి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యాయి. అడుగున దుమ్ములా చాలా సన్నని పదార్థం కూడా ఉంది. ప్రయోగశాలవారిని అడిగితే నమూనాను పైనుంచి సుమారు రెండు సెంటీమీటర్ల లోతులో డ్రిల్లుతో తీశారని చెప్పారు. గవ్వల సంగతి చూడలేదన్నారు.

సమాధానం – తాపీపని

ఎర్రటి తునకలు నలిగాయంటే తక్కువ వేడిలో కాలిన ఇటుక పొడి కావచ్చు. సున్నంతో చర్య జరిపేది అటువంటిదే. బాగా కాలి గాజులా అయిన ఇటుకను పొడి చేసి వేస్తే అది ఎర్ర ఇసుకగా ఉండిపోతుంది తప్ప వేరే ఉపయోగం లేదు. అయితే డ్రిల్లు పొడి అయితే నమ్మకండి. డ్రిల్లు పక్కనున్న ఇటుకను కూడా గీకి ఉంటుంది, ఇసుక రేణువులను పగలగొట్టి ఉంటుంది. మీరు చూసిన గరుకు అంచులు, సన్నని దుమ్ము అందువల్లే వచ్చి ఉండవచ్చు. ఆ సీసాను చూసి ఇసుక గ్రేడింగ్, అంటే ఏ పరిమాణపు రేణువులు ఎంతెంత ఉండాలన్నది, నిర్ణయించవద్దు.

పనిచోట నిలబడే మనిషిగా నా అభిప్రాయం చెబుతాను. సున్నం ఎంత అన్నదాని మీద జరిగే చర్చలో సగం కూడా ఇసుక మీద జరగదు. మాలు రంగు చాలావరకు ఇసుకలోని సన్నని భాగం ఇచ్చేదే, కుంచించుకుపోకుండా ఆపేదీ ఇసుకే. ఉలితో తీసిన ముక్కలను చేత్తో విడదీసి, ఆమ్లంలో కరిగించి, మిగిలిన ఇసుకను 4 మిల్లీమీటర్ల నుంచి 0.063 మిల్లీమీటర్ల వరకు జల్లెడల వరుసలో పట్టించండి. ప్రతి జల్లెడ మీద మిగిలినదాన్ని విడివిడి సీసాల్లో పోసి పక్కపక్కన నిలబెడితే, ఏ పరిమాణపు రేణువు ఏ రంగులో ఎంత ఉందో కంటికే తెలుస్తుంది. కొత్త ఇసుకను కూడా అలాగే పట్టించి రెండు వరుసలనూ పోల్చండి. ఒకే పరిమాణంలో ఉండే సన్నని ఇసుక ప్లాస్టరింగ్‌కు నున్నగా కనిపిస్తుంది గానీ సున్నపు మాలులో పగుళ్లు తెస్తుంది. ఒక్క చోటి ఇసుక సరిపోకపోతే రెండు రకాలు కలపవలసి వస్తుంది.

డబ్బాతో కొలిచేటప్పుడు ఇసుక తడిని కూడా గమనించండి. చెమ్మగా ఉన్న ఇసుక పొంగి, పొడి ఇసుకకన్నా నాలుగో వంతు దాకా ఎక్కువ చోటు తీసుకోగలదు. ఒకరోజు ఎండిన ఇసుక, మరుసటి రోజు వానలో తడిసిన ఇసుక అదే డబ్బాతో పోస్తే రెండు రోజుల మాలు ఒకటి కాదు.

సమాధానం – గట్టిపునాది

కొంచెం ఎదురు చెప్పనివ్వండి. ఇన్ని పరీక్షలు చేసి పాత మాలును అచ్చుగుద్దినట్టు మళ్లీ తయారు చేయడం అవసరమా? ఆనాటి మేస్త్రీ ఎంత నీరు పోశాడో, ఎంతసేపు కలిపాడో, ఎన్ని రోజులు తడిపాడో ఏ పరికరమూ చెప్పదు. ఈరోజు కొలిచే బలం రెండు వందల ఏళ్ల తరువాతి బలం, 28 రోజుల బలం కాదు. ఇటుక కన్నా బలహీనంగా, ఇటుక కన్నా తేలికగా ఆవిరిని వదిలేలా ఏ సున్నపు మాలు వేసినా గోడ బాగానే ఉంటుందని నా నమ్మకం.

సమాధానం – సున్నపుతేట

గట్టిపునాది గారి మాటలో సగం ఒప్పుకుంటాను. కూర్పు పోలిక వేరు, ప్రవర్తన పొంతన వేరు, గోడకు కావలసింది రెండోదే. కానీ ఇటుకకన్నా బలహీనమైన మాలు అన్నప్పుడు ఎంత బలహీనం అన్నది పాత మాలును చూడకుండా ఎలా తేలుతుంది? యూరోపియన్ ప్రమాణంలో సహజ హైడ్రాలిక్ సున్నాన్ని 2, 3.5, 5 అని మూడు తరగతులుగా విభజించారు. ఆ పేర్లు 28 రోజుల కనీస బలాన్ని మెగాపాస్కల్‌లలో చెబుతాయి, పై హద్దులు మాత్రం 7, 10, 15 దాకా పోతాయి. అంటే 2 అని రాసిన సంచిలోని సున్నం 5 అని రాసిన సంచికన్నా గట్టిగా తేలినా నియమం తప్పినట్టు కాదు. పైగా ఈ సున్నాలు ఏడాది, రెండేళ్ల పాటు బలం పెంచుకుంటూనే ఉంటాయి. మెత్తని పాత ఇటుక మధ్య ఏదో ఒక సున్నం చాలులే అని 5 తరగతి వేస్తే, సిమెంటుతో వచ్చిన బాధే కొంచెం ఆలస్యంగా వస్తుంది.

ఆమ్లంలో కరిగించి చూసే పద్ధతిని వెనకటికి వాడింది కూడా ఇలాంటి అవసరానికే. ఎడ్డిస్టోన్ దీపస్తంభాన్ని సముద్రంలో కట్టడానికి ఎలాంటి సున్నం కావాలో తేల్చుకునేందుకు 1756లో ఇంగ్లండు ఇంజనీరు జాన్ స్మీటన్ రకరకాల సున్నపురాళ్లను నత్రికామ్లంలో కరిగించాడు. కరగకుండా బంకమట్టి మిగిల్చిన రాయి ఇచ్చే సున్నమే నీటిలో గట్టిపడుతుందని అలా పట్టుకున్నాడు. ఆయన వెతికింది సూత్రాన్ని గానీ పాతదాని నకలును కాదు. మన పరీక్షా అంతవరకే.

పాతగోడలు గారూ, డ్రిల్లు నమూనా కాబట్టి మీ 1:4 కూడా ఇప్పుడు సందేహాస్పదమే. ఇటుక పొడి చేరడం వల్ల కరగని భాగం బరువు పెరిగి, సున్నం అసలుకన్నా తక్కువ చూపి ఉండవచ్చు. మళ్లీ తీయించండి. సిమెంటు పాయింటింగ్ వెనుక, వాన తగలని చోట, ఇటుకను నిజంగా పట్టి ఉంచిన లోపలి మాలులోంచి సన్నని ఉలితో ముక్కలుగా తీయాలి, పొడిగా కాదు. ఒక్కో చోట 50 నుంచి 100 గ్రాములు ఉంటే ఆమ్లానికీ, పలుచని రేకుకూ, జల్లెడకూ సరిపోతుంది, కొంత మీ దగ్గర కూడా మిగలాలి. వేర్వేరు కాలాల్లో కట్టినట్టు అనిపించే భాగాలను కలపవద్దు. తీసిన వెంటనే ఒక ముక్కను విరిచి తాజా ముఖం మీద, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్క వేయండి. గులాబీ రంగు రాకపోతే కార్బొనేటుగా మారడం పూర్తయినట్టే, నేను పైన వేసిన లెక్క వర్తిస్తుంది. వస్తే ఇంకా మారని సున్నమో, సిమెంటో ఉన్నట్టు, ఆ సంగతి ప్రయోగశాలకు రాయండి.

వారికి పంపే కాగితంలో మాలును విశ్లేషించండి అని మాత్రమే రాయకండి. బంధకం రకం రేకులో చూసి చెప్పాలి, ఎర్ర తునకలు చర్య జరిపాయా లేదా చెప్పాలి, కార్బొనేటు ఇసుక ఉందా చెప్పాలి, సల్ఫేటు, క్లోరైడు, నైట్రేటు లోతు వారీగా కావాలి అని విడివిడిగా అడగండి. గట్టిపడిన మాలును పరీక్షించడానికి అమెరికా ప్రమాణాల సంస్థ రాసిన ఏఎస్‌టీఎం సీ 1324 అనే ప్రమాణం ఉంది. అది మొదట సూక్ష్మదర్శినితో పరిశీలనను, ఆ తరువాతే రసాయన పరీక్షను కోరుతుంది. దాని పేరు ప్రస్తావిస్తే వారు ఆ వరుస తప్పరు.

జిగురు, పాలలోని ప్రోటీన్ అయిన కేసీన్, చక్కెర వంటి సేంద్రియ పదార్థాల పరీక్ష కూడా చేయించమని ఎవరైనా అంటే, దాన్ని చివరికి ఉంచండి. చక్కెరలు నీటిలో కరిగిపోతాయి, సూక్ష్మజీవులు తినేస్తాయి. దొరకలేదంటే వేయలేదని కాదు, దొరికినా మోతాదు తెలియదు.

పాతగోడలు

మళ్లీ నమూనాలు తీయించడానికి అనుమతి అడిగాను. ఈలోగా కాంట్రాక్టరు గారిని పూర్తిగా ఆపేయాలా, లేక ప్రయోగ పలకలు వేయించవచ్చా?

సమాధానం – తాపీపని

పలకలు వేయించండి, నష్టం లేదు. గోడలో ఎవరికీ కనిపించని మూల, అదే రకం ఇటుక ఉన్న చోటు ఎంచుకోండి. హైడ్రేటెడ్ సున్నంతో కొలత ప్రకారం 1:1.5, 1:2, 1:2.5 మూడు మిశ్రమాలు, ప్రతిదానిలోనూ సుర్కీతో ఒకటి, సుర్కీ లేకుండా ఒకటి. సందును దాని వెడల్పుకు కనీసం రెండింతల లోతు శుభ్రం చేయాలి. గ్రైండరు ముట్టుకోనివ్వకండి, అది ఇటుక అంచులను తినేస్తుంది. ఇటుకను ముందే బాగా తడిపి, లోతైన సందులను పొరలుగా నింపి, తడి గోనెపట్టా కప్పి కొన్ని రోజులు ఆరిపోకుండా చూడాలి. పూర్తిగా ఎండిపోతే కార్బన్ డయాక్సైడు పట్టుకోవడమే ఆగిపోతుంది, ఎప్పుడూ నీటిలో నానుతున్నా గాలి లోపలికి పోదు.

నెల తరువాత ఒక్కో పలకలోంచి చిన్న ముక్క విరిచి ఫినాఫ్తలీన్ వేసి ఎంత లోతు వరకు రంగు రాలేదో కొలవండి. పగుళ్లు, అంచుల దగ్గర ఊడడం, గోరు గీత, రంగు పోలిక రాసి పెట్టండి. పలకనూ దాని పక్కనున్న పాత ఇటుకనూ ఒకేసారి తడిపి ఏది ముందు ఆరుతుందో చూడండి. ఇటుక ముందు ఆరి సందు తడిగా మిగిలిన మిశ్రమం మంచిది, ఎందుకంటే నీరూ ఉప్పూ సందు గుండా బయటికి పోతాయి. దీనికి తిరగబడిన మిశ్రమాన్ని ఎంత గట్టిగా ఉన్నా పక్కన పెట్టేయండి. కొత్త విశ్లేషణ వచ్చేసరికి మీ చేతిలో ఆరు పలకల ఫలితాలు ఉంటాయి, ప్రయోగశాల అంకెను వాటి పక్కన పెట్టి చదువుకోవచ్చు.